కారం మాన్పించారు

తొంభైల చివర్లో బెంగళూరులో లా చదివాను. ఆ కోర్సులో సైకాలజీ కూడా ఉండేది. సెలవులకు హిందూపురం వస్తే నాయన, "ఏమ్మా, కేసులు వాదిస్తావా, పిచ్చి కుదురుస్తావా?" అని ఎగతాళి చేసేవాడు. రెండూ మనిషి గురించే కదా అని ఎగిరేదాన్ని. ఆ పొగరు ధర్మవరంలో దిగిపోయింది.

అక్కడ మా చిన్నమ్మ పట్టుచీరలు నేసేది. ఒక వేసవిలో ప్రాణం తీసుకోబోయింది. ఇరుగుపొరుగు చూసి ఆసుపత్రిలో చేర్చారు కాబట్టి బతికింది. పోలీసు వచ్చి అడిగితే చిన్నాయన తడుముకోకుండా, "కడుపునొప్పి తాళలేక చేసింది సార్" అన్నాడు. మా వైపు ఎవరింట్లో ఇలా జరిగినా ఆ మాటే చెబుతారు. ఇంటి గుట్టు బయటపడదు, పోలీసులూ లోతుకు పోరు.

ఆత్మహత్యకు ప్రయత్నించడం అప్పటికి నేరమే. నా లా పుస్తకం ప్రకారం చిన్నమ్మ నేరస్తురాలు, సైకాలజీ పుస్తకం ప్రకారం రోగి. ఇంట్లోవాళ్లకు ఆ రెండూ అక్కర్లేదు. ఆడిన అబద్ధం నిలబడాలి కాబట్టి కడుపుకే వైద్యం మొదలుపెట్టారు. వాము నీళ్లు, మజ్జిగ, స్కానింగు. ఎండుమిరపకాయలు వేసి నూరిన ఊరిబిండి లేనిదే ముద్ద దిగని మనిషికి చప్పటి కూడు పెట్టారు. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

బెంగళూరులో మానసిక వైద్యుడికి చూపిద్దామని పోరుపెట్టాను. చిన్నాయన చివరికి ఊ అన్నాడు. ముగ్గురం బయల్దేరాం. పెనుకొండలో బస్సు ఆగితే ఆయన టీ తాగడానికి దిగాడు. అప్పుడు నోరు విప్పింది చిన్నమ్మ.

"కడుపులో ఏం లేదమ్మా. మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూసుంటే లేయబుద్ధి కాదు. లేసి ఏం చేయల్ల అనిపిస్తాది."

"ఇదే డాక్టరుతో చెప్పు చిన్నమ్మా."

"చెప్తే ఆయప్ప రాసుకోడా? పోలీసోళ్లకు అబద్ధం చెప్పినాడని మీ చిన్నాయన్ను పట్టుకపోతే?"

"ఎవరూ పట్టుకుపోరు" అన్నాను. అప్పటికే చిన్నాయన టీ గ్లాసుతో కిటికీ కింద నిలబడి ఉన్నాడు, అంతా విన్నాడు. "నిజం చెప్తే కేసు కడతారు. ఇంగ ఏ డాక్టరూ వద్దు, దిగు" అన్నాడు. నేను ఎంత చెప్పినా వినకుండా, ఎదురుగా వచ్చిన ధర్మవరం బస్సు ఎక్కించాడు.

చలికాలంలో చిన్నమ్మ పోయింది. ఈసారి ఎవరూ సమయానికి చూడలేదు.

పంచనామాకు వచ్చిన పోలీసు పెద్దగా అడగనే లేదు. "పాత కడుపునొప్పేనా?" అన్నాడు. స్కానింగు, మందుల చీటీలు అన్నీ ముందు పెట్టారు. ఏ కోర్టులోనైనా నిలబడే సాక్ష్యం. కాదని అరవబోయాను. కానీ చిన్నాయన అప్పటికే పోలీసు చేతులు పట్టుకుని ఏడుస్తున్నాడు. అది నాటకం కాదు. చెప్పీ చెప్పీ ఆయన నిజంగానే నమ్మేశాడు.

"కారం మొత్తం మానిపిచ్చినాం సార్. అయినా తగ్గలే."