‘నార్మల్’ అని రాసి పెట్టిన ఫోటో

కరోనా తగ్గి క్యాంపస్‌లు మళ్లీ తెరుచుకున్న ఏడాది జూన్‌లో నన్ను పరీక్షల విభాగం నుంచి పరిశోధన విభాగానికి డిప్యూటీ రిజిస్ట్రార్‌గా మార్చారు. మా విశ్వవిద్యాలయానికి ప్రధాన క్యాంపస్ రాయదుర్గం దగ్గర ఉంది. మిగతావి జిల్లాల్లో ఉన్నాయి. ప్రగతి నగర్‌లోని మా ఇంటి నుంచి రోజూ వెళ్లివచ్చేదాన్ని. పదవీ విరమణ దాకా ఆ కుర్చీలోనే ఉన్నాను.

నాకు అప్పగించిన పనుల్లో ముఖ్యమైనది సీడ్ గ్రాంట్ల పథకం. వేర్వేరు క్యాంపస్‌లలో పనిచేసే ఇద్దరు అధ్యాపకులు కలిసి ఒక పరిశోధన మొదలుపెట్టడానికి విశ్వవిద్యాలయం తన సొంత నిధుల నుంచి ఇచ్చే చిన్న మొత్తం అది. దానితో తొలి ఫలితాలు రాబట్టి, వాటిని చూపించి కేంద్ర ప్రభుత్వ సంస్థల దగ్గర పెద్ద గ్రాంటుకు దరఖాస్తు చేసుకోవాలి. దరఖాస్తు నడిపే అధ్యాపకుణ్ణి పీఐ అంటారు, అంటే ప్రధాన పరిశోధకుడు. రెండో క్యాంపస్‌లోని భాగస్వామి కో-పీఐ. మొదటి విడత విడుదల కావాలంటే ఇద్దరూ ఏదో ఒక క్యాంపస్‌లో, పరిశోధన విభాగం అధికారి సమక్షంలో, ఒకసారి ముఖాముఖి కలవాలన్న నిబంధన ఉండేది. పేరుకు జంటగా సంతకాలు పెట్టి ఎవరి పని వారు చేసుకోవడం అంతకుముందు జరిగింది కనుక దాన్ని చేర్చారట.

ఆ ఏడాది ఎంపికైన వాటిలో ఒకటి డాక్టర్ రేణుకది. ఆమె మా క్యాంపస్‌లో కంప్యూటర్ సైన్స్ చెప్పేది. పుట్టి పెరిగింది హఫీజ్‌పేట్‌లో. ముప్పై అయిదు దాటని వయసు, గడగడా మాట్లాడే మనిషి. ఐటీ ఉద్యోగుల కళ్ల లోపలి ఫోటోలు చూసి జబ్బు ఛాయలను ముందే పసిగట్టే ప్రోగ్రాం తయారుచేయాలన్నది ఆమె ప్రతిపాదన. ఒక జిల్లా క్యాంపస్‌లో ఆప్టోమెట్రీ, అంటే కంటి పరీక్షల శాస్త్రం, బోధించే డాక్టర్ మూర్తి గారు కో-పీఐ. ఆయనది కాకినాడ. ఇద్దరూ ఎన్నడూ ఎదురుపడలేదు. ఆన్‌లైన్ సదస్సులో పరిచయమై ఫోన్‌లోనే ప్రతిపాదన రాసుకున్నారు.

ముఖాముఖి సమావేశం తప్పించమని ఇద్దరూ అడిగారు. రేణుక నా గదికే వచ్చింది.

“దినాం వీడియోల మాట్లాడుకుంటున్నం గద మేడమ్. మల్ల గీ మీటింగ్ ఏంది? సారుకు ఒక రోజు ఖరాబైతది, నాకు ఒక రోజు ఖరాబైతది.”

ఆమె మాట సబబుగానే తోచింది. మినహాయింపు కోరుతూ ఫైలు పెట్టాను. పరిశోధన విభాగం డీన్ ఆ వారం సెలవులో ఉన్నారు. విడుదల గడువు దగ్గర పడుతోంది కనుక సంతకం కోసం ఆగలేక, సమావేశమే పెట్టేద్దామని మూర్తి గారికి కబురు చేశాను. ఆ ఫైలు మీద సంతకం పడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం నేను చాలాకాలం కిందటే మానుకున్నాను.

మూర్తి గారు ఉదయం బస్సులో వచ్చారు. యాభై దాటిన సన్నటి మనిషి. మెట్రో స్టేషన్ వైపు కిటికీలున్న మా చిన్న సమావేశ మందిరంలో ముగ్గురం కూర్చున్నాం. సమాచారం పంచుకునే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆ ఒప్పందం కుదరకుండా ఫోటోలు క్యాంపస్ దాటకూడదు కనుక మూర్తి గారు అప్పటిదాకా వాటిని చూడలేదు. రేణుక అంతకు కొన్ని నెలల ముందే, మనుషుల మీద చేసే పరిశోధనలను పర్యవేక్షించే ఎథిక్స్ కమిటీ అనుమతితో, కిరాయికి తెచ్చిన కంటి కెమెరాతో క్యాంపస్ సిబ్బంది నుంచీ చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేస్తూ స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి నుంచీ ఫోటోలు సేకరించింది. పేర్లు ఉండవు, నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఎవరిదో తెలిపే జాబితా ఎథిక్స్ కమిటీ కార్యదర్శి దగ్గర ఉంటుంది.

రేణుక జబ్బున్న కళ్ల ఫోటోలు తెరవబోతే మూర్తి గారు వారించారు.

“అవి తర్వాత చూద్దామండి. ముందు బాగున్నవి చూపించండి. మన కొలబద్ద అవే కదా.”

ఆమె ‘నార్మల్’ అన్న గుంపు తెరిచింది. కంటి ఇబ్బంది ఏమీ లేదని ప్రశ్నావళిలో చెప్పినవారి ఫోటోలన్నీ అందులో ఉన్నాయి. నారింజ రంగు వలయాలు ఒకదాని తర్వాత ఒకటి తెర మీద కదిలాయి. నాకు అర్థం కావాలని మూర్తి గారు చెప్పుకుంటూ వచ్చారు. ఆ లేత పసుపు బిళ్ల కంటి నరం మొదలు. దాని అంచు నాణెం అంచులా స్పష్టంగా ఉండాలి. దానిలోంచి రక్తనాళాలు కొమ్మల్లా విడిపోవాలి.

చెబుతూ చెబుతూ ఆగిపోయారు.

“ఒక్కటి వెనక్కి వెళ్లండి.”

రేణుక వెళ్లింది. ఆయన లేచి తెర దగ్గరికి నడిచి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, చాలాసేపు చూశారు. రెండో కంటి ఫోటో కూడా తెరవమన్నారు. నా కళ్లకు మిగతావాటికీ దీనికీ తేడా కనిపించలేదు. ఆయన వేలు పెట్టి చూపించాక తెలిసింది. బిళ్లకు అంచు లేదు, పాలలో తడిసిన కాగితంలా చెదిరిపోయి ఉంది.

“ఇది ఎవరిదండీ?” అన్నారు.

“నంబరే ఉంటది సర్. పేరు చెప్పరాదు.”

“నియమం నాకూ తెలుసండి. కానీ ఇది నార్మల్ కాదు. నరం వాచింది, రెండు కళ్లలోనూ. ఇలా రెండువైపులా వాస్తే తల లోపల ఒత్తిడి పెరిగిందేమోనని చూడాలి. గడ్డ ఉండొచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఈ మనిషి ఇవాళే ఆసుపత్రికి వెళ్లాలి. ఫోటో తీసి ఎన్నాళ్లయింది?”

రేణుక మౌస్ పట్టుకుని తెర వైపే చూస్తోంది. నియమం ఉల్లంఘించాల్సి వస్తుందని తటపటాయిస్తోంది అనుకున్నాను. ఇలాంటి సందర్భానికి మా మాన్యువల్‌లో దారేమీ లేదు. అయినా ఎథిక్స్ కార్యదర్శికి ఫోన్ చేసి జాబితా తెరిపిస్తానని చెప్పి రిసీవర్ అందుకుని నంబరు నొక్కాను.

“ఫోన్ వద్దు మేడమ్,” అంది రేణుక. ఆమె చెయ్యి మౌస్ మీద అలాగే ఉంది. “గా ఫోటో నాదే.”

నా చేతిలో రిసీవర్ ఉంది. అవతల ఎవరో ‘హలో, హలో’ అంటున్నారు. దాన్ని పెట్టేయాలన్న సంగతి కూడా నాకు తట్టలేదు. కెమెరా వచ్చిన రోజు సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి తీసిన మొదటి ఫోటోలు ఆమెవేనట. తనకు ఏ ఇబ్బందీ లేదనుకుంది కనుక ‘నార్మల్’లో వేసుకుంది. ఆనాటి నుంచి తన ప్రోగ్రాంకు ఆరోగ్యకరమైన కన్ను అంటే ఇదీ అని ఆ ఫోటోతోనే నేర్పుతూ వచ్చింది.

అప్పటిదాకా ఆమెను ‘రేణుక గారు’ అంటున్న మూర్తి గారు పక్క కుర్చీలో కూర్చుని, “తలనొప్పి వస్తోందా అమ్మా?” అని అడిగారు.

“వస్తది సర్. పొద్దుగాల ఎక్కువ.”

“వంగి లేచినప్పుడు ఒక్క క్షణం చీకటి కమ్ముతోందా?”

“ఐతది. బీపీ తక్కువుందేమో అనుకున్న. స్క్రీన్ చూసి చూసి తల నొస్తది అనుకున్న. గీడ ఎవరికి నొయ్యది సర్?”

ఆ మాట నిజమే. మా చుట్టూ ఉన్న ప్రతి అంతస్తులోనూ తలనొప్పి మాత్రలు టేబుళ్ల మీదే ఉంటాయి. ఆమె నుదురు నొక్కుకోవడం నేనూ చాలాసార్లు చూశాను.

మధ్యాహ్నం ల్యాబ్ క్లాసు ఉందని, అది చెప్పి సాయంత్రం వెళ్తానని రేణుక అంది. మూర్తి గారు ఆమె ల్యాప్‌టాప్ మూసేశారు. నేను విశ్వవిద్యాలయం కారు పిలిపించాను. ఆయన తిరుగు బస్సు వదులుకుని మాతోనే వచ్చారు. ఆప్టోమెట్రిస్ట్ రాసిచ్చిన చీటీని ఆసుపత్రి రిసెప్షన్‌లో పక్కన పెట్టేస్తారేమోనని ఆయన భయం. కారులో రేణుక నా చెయ్యి పట్టుకుని ఒక్క మాటే అడిగింది.

“స్కాన్ అయ్యేదాక మా ఆయనకు చెప్పకుండ్రి మేడమ్. పరేషాన్ ఐతడు.”

కంటి వైద్యురాలు చూసి వెంటనే తల స్కానింగుకు పంపింది. సాయంకాలానికి ఫలితం వచ్చింది. తల ముందు భాగంలో నిమ్మకాయంత గడ్డ ఉంది. క్యాన్సర్ లక్షణాలు కనిపించడం లేదని, అయినా ఇంకా ఆలస్యం చేస్తే చూపు మొత్తం పోవచ్చని, ప్రాణానికీ ముప్పేనని చెప్పారు. అప్పుడు ఆమె భర్త నరేందర్‌కు నేనే ఫోన్ చేశాను. పక్కనే ఒక కంపెనీలో ఉద్యోగం. ఆఫీసు కార్డు మెడలో ఉండగానే పరుగున వచ్చాడు. నేను చెప్పింది అతనికి ఎక్కలేదు.

“పొద్దుగాల నేనే బండి మీద దింపి పోయిన మేడమ్,” అన్నాడు. “మంచిగనే ఉండె. నవ్వుకుంట పోయింది.” మళ్లీ అదే మాట మొదటి నుంచి చెప్పాడు.

ఆ వారంలోనే ఆపరేషన్ జరిగింది. బయట కూర్చున్నవాళ్లలో మూర్తి గారు కూడా ఉన్నారు.

ఆమె ఇంకా ఐసీయూలో ఉండగానే సెలవు నుంచి తిరిగొచ్చిన డీన్ నుంచి నాకు మెయిల్ వచ్చింది. సదరు ప్రాజెక్టులో ఫోటోల వర్గీకరణ తప్పని తేలింది కనుక మొదటి విడత నిలిపివేయాలి, పీఐ నుంచి సంజాయిషీ తీసుకోవాలి. రెండుసార్లు చదివాను. మాన్యువల్ ప్రకారం అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. అదే నన్ను ఎక్కువ నిశ్చేష్టురాలిని చేసింది. తల తెరిచి కుట్లు వేసిన మనిషి దగ్గరికి ఆ కాగితం ఎవరు పట్టుకెళ్లాలి?

మూర్తి గారికి ఫోన్‌లో సంగతి చెప్పాను.

“సంజాయిషీ నేనిస్తానండి,” అన్నారు. “కో-పీఐ కూడా బాధ్యుడే కదా. డీన్ గారు అడిగింది సబబే. ఆ గుంపులో ఇంకేం ఉన్నాయో మనకి తెలుసా?”

నాకు అప్పటిదాకా ఆ ఆలోచన రాలేదు. ‘నార్మల్’ గుంపు మొత్తాన్నీ తానే మళ్లీ చూస్తానని ఆయన రాసిచ్చారు. వారాంతాల్లో రాయదుర్గం వచ్చి, అదే గదిలో కూర్చుని, ఒక్కొక్క ఫోటోనూ చదివారు. ఇంకొందరి కళ్లలో అనుమానాలు దొరికాయి. ఇద్దరికి షుగర్ ఛాయలు, ఒకరికి కంటి లోపలి ఒత్తిడి గుర్తులు. కానీ వాళ్లు సంతకం చేసిన అంగీకార పత్రాల్లో ‘ఏదైనా కనిపిస్తే మాకు చెప్పండి’ అన్న వాక్యమే లేదు. మీ వివరాలు ఎవరికీ తెలియవన్న హామీ మాత్రమే ఉంది. ఎథిక్స్ కమిటీ అత్యవసరంగా కూర్చుంది. ఒక సభ్యుడు హామీ హామీయే అన్నాడు. పిలిపించిన సాక్షిగా నేను సమావేశ మందిరంలో చూసింది చూసినట్టు చెప్పాను. జాబితా తెరవడానికి అనుమతి ఇచ్చారు.

ఫోన్లు నేనే చేశాను. ఎవరో అపరిచితురాలు పిలిచి కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లమంటే మొదట అందరూ ఇదేదో మోసం అనుకున్నారు. ఒకాయన గట్టిగా తిట్టి పెట్టేసి, తర్వాత తనే పిలిచాడు. కంటి ఒత్తిడి ఉన్న వ్యక్తి మాత్రం దొరకలేదు. పాత కంపెనీ వదిలేశాడు, ఫోన్ నంబరు పనిచేయడం లేదు. కంపెనీ వాళ్లు కొత్త చిరునామా ఇవ్వలేదు. ఆయన కళ్లు ఎలా ఉన్నాయో నాకు నేటికీ తెలియదు.

రేణుక కోలుకుంది. ఎడమ కంటికి పక్క చూపు పోయింది, అది తిరిగి రాదన్నారు. చదవగలదు, పాఠం చెప్పగలదు. తరువాతి సెమిస్టర్‌లో తలకు స్కార్ఫ్ కట్టుకుని తిరిగి వచ్చింది. మూర్తి గారి నివేదిక చూశాక డీన్ మొదటి విడత విడుదల చేశారు. డీనే స్వయంగా రేణుక దగ్గరికి వచ్చి, ఆమె ఫోటోలు తొలగించమంటారా అని అడిగారు.

“ఉంచుండ్రి సర్,” అంది. “‘నార్మల్’ అన్న పేరు మార్చి ఉంచుండ్రి. వాపు ఎట్లుంటదో ప్రోగ్రాంకు తెల్వాలె గద.”

పదవీ విరమణకు ముందు నిబంధనల్లో మూడు మార్పులు చేయించగలిగాను. మనుషుల శరీరాలను చూసే ఏ ప్రాజెక్టులోనైనా, జబ్బు కనిపిస్తే తెలియజేయాలా, ఎవరి ద్వారా తెలియజేయాలి అన్నది పాల్గొనేవారిని ముందే అడిగి రాయించుకోవాలి. జబ్బు లేదని వర్గీకరించే ముందు ఆ శాస్త్రం తెలిసినవారు చూసి తీరాలి. ముఖాముఖి సమావేశానికి మినహాయింపు ఇచ్చే అధికారం డీన్‌తో సహా ఎవరికీ ఉండదు. మూడోదాని మీద అధ్యాపకులు ఇప్పటికీ విసుక్కుంటారని విన్నాను. దానికి కారణం ఏమిటని కొత్త అధికారి ఒకరు నన్ను అడిగారు. ఒక రంగంలో ఆరితేరిన మనిషి ముందున్న తెర మీద ఏముందో చెప్పడానికి, ఇంకో రంగం మనిషి అదే గదిలో కూర్చుని ఉండాల్సిన రోజులుంటాయని, అవి ఏ రోజులో దరఖాస్తు చదివితే తెలియదని చెప్పాను.