వెనక పెట్టెలు ఎక్కడ పెట్టాలి

మా బావకి వినపడట్లేదని ఇంట్లో అందరికన్నా ముందు కనిపెట్టింది నేనే. ఎందుకంటే ఆయన్ని అందరికన్నా ఎక్కువ ఏడిపించేది నేనే. ఒకరోజు భోజనాల దగ్గర ఆయన మీసం మీద మంచి మాటొకటి విసిరా. ఒకటంటే నాలుగు అంటించే మనిషి, తలూపి పెరుగన్నం కలుపుకున్నాడు. అంత మంచి జోకు వృథా పోయిందే అని ముందు బాధపడ్డా. అసలు బాధ తర్వాత మొదలైంది.

ఆయన నందిగామలో సినిమా హాలు ఆపరేటరు. మిషను పక్కన నిలబడీ నిలబడీ కుడిచెవి ముందు పోయింది, ఎడమది దాని వెనకాలే బయల్దేరింది. అక్కకి చెప్తే, "పెళ్ళయిన కాణ్ణించీ నా మాట ఒక్కటీ వినలేదుగా, నాకెట్టా తెలుస్తుందిరా" అంది. నవ్వుతూనే పొయ్యి దగ్గరికి పోయి చాలాసేపు ఇవతలికి రాలా. బెజవాడలో డాక్టరుకి చూపించాం. నరం చచ్చిపోయింది, మందు లేదు, ఉన్న కాస్తా కూడా పోతుంది అని ఆయన మంచినీళ్ళడిగినంత మామూలుగా చెప్పాడు. బావ నా మొహం చూసి, "ఏమంటున్నాడు?" అన్నాడు. ఆ రోజు నాకు జోకు తట్టలా.

హాల్లో మాత్రం ఎవరికీ తెలియదు. ఆయన పద్ధతి ఆయనకుంది. మిషను మీద అరచెయ్యి ఆనిస్తే అది ఎట్టా తిరుగుతోందో, స్పీకరు పెట్టె మీద ఆనిస్తే సౌండు ఎట్టా వస్తోందో చెప్పేవాడు. చెయ్యి అదిరితే శబ్దం ఉన్నట్టు, బాగా అదిరితే బాగా ఉన్నట్టు. డాక్టరు జనం నాడి చూసినట్టు పెట్టెల మీద చెయ్యేసుకుని నెట్టుకొచ్చాడు.

ఎనభైల మధ్యలో ఊరూరికీ వీడియోలొచ్చి హాలుకి జనం తగ్గిపోయారు. హాలు సొంతదారు, మా అయ్యగారు, జగ్గయ్యపేట పెద్దరైతు. ఎరువుల గోడౌనుకి అద్దెకిచ్చుకుంటే ఈ తలనొప్పి ఉండదని హాలు మూసేశాడు. మూసేస్తూ, బావని పిలిచి ఒక ఆశ చూపించాడు. ఆయన మద్రాసులో వియ్యంకుడి ఇంట్లో ఒక గది చూసొచ్చాట్ట. కలర్ టీవీ, వీడియో డెక్కు, చుట్టూ స్పీకర్లు. కుర్చీలో కూర్చుంటే సౌండు నాలుగు పక్కల్నించీ వస్తుంది. "అట్టాంటి గది మనింట్లో కుదిర్చిపెట్టు. కుదిరిందా, నువ్వే ఉండి నడుపుదువుగాని. జీతం ఇప్పటిలాగే" అన్నాడు.

మా అక్క ఇల్లు గడిచేది ఆ జీతంతోనే. వేరే పని రాదు, చెవుల్లేని మనిషికి కొత్తగా నేర్పేవాడూ లేడు. అందుకని బావ సరేనండి అని వచ్చి, నా దగ్గర కూర్చున్నాడు.

"నువ్వు చెవులు. నేను చేతులు" అన్నాడు.

నేను ఏడో క్లాసులో బడి మానేసి మైకుసెట్టులో చేరినవాణ్ణి. శబ్దం గురించి నాకు తెలిసిన చదువంతా చెట్టెక్కి హారన్ కట్టడమే. అదైనా ఎప్పుడూ రోడ్డు వైపు తిప్పి కట్టేవాళ్ళం. పెళ్ళికొచ్చినవాళ్ళు ఎట్టాగూ వస్తారు, పిలవనివాళ్ళకి వినపడాలి కదా! గదిలో కూర్చున్న మనిషి కోసం స్పీకరు పెట్టడం నాకూ కొత్తే. అయినా జగ్గయ్యపేట బయల్దేరాం. బస్సులో సైగలు అనుకున్నాం. సౌండు ఎక్కువైతే నేను తల గోక్కోవాలి, తక్కువైతే చెవి లాక్కోవాలి, ఏదన్నా పెట్టె పలక్కపోతే ఆ పక్క భుజం తట్టుకోవాలి. చిల్లకల్లు వచ్చేదాకా ప్రాక్టీసు చేశాం. పక్క సీట్లో ఆవిడ నాకు పేలున్నాయనుకుని కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది.

గది వీధివైపుది, పొడుగ్గా ఉంది. టీవీ తూర్పుగోడకి. అయ్యగారు తూర్పుముఖంగానే కూర్చుంటారు, కుర్చీ వెనకగోడకి దగ్గర్లోనే ఉండాలి. ఆ గోడలోనే గుమ్మం. గుమ్మం అవతల లోపలిగదిలో ఆడవాళ్ళు చాపలేసుకుని చూస్తారు. మగాళ్ళ మధ్యకి రారు. హాల్లోంచి పట్టుకొచ్చిన పెట్టెలు నాలుగు, ఒక్కోటి బియ్యం బస్తా బరువు. ముందువి రెండూ టీవీకి అటూ ఇటూ స్టూళ్ళ మీద పెట్టేశాం. వాటితో పేచీ లేదు. వెనక రెండూ ఎక్కడ పెట్టాలి? అక్కడే మా బతుకు ఆగిపోయింది.

ముందు కుర్చీకి రెండు పక్కలా నేలమీద పెట్టాం. అయ్యగారు కాసేపు విని కాళ్ళు పైకి పెట్టుకున్నాడు. "మాటలు కాళ్ళ దగ్గర్నించి వస్తున్నాయేంటయ్యా? కింద ఎవణ్ణో పూడ్చిపెట్టినట్టుంది" అన్నాడు.

స్టూళ్ళెక్కించి సరిగ్గా చెవుల వెనక్కి తెచ్చాం. వేదాద్రి నించి వాళ్ళ మేనమామ వచ్చి ఉన్నాడు, ఆయన్ని కూర్చోబెట్టాం. తెరమీద విలన్ నోరు తెరిచాడు. ముసలాయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, "ఎవడ్రా నన్నంటున్నావ్!" అని చేతికర్ర తీశాడు. బావ ఆ కర్ర చూసి, సౌండు తగ్గించమంటున్నాడనుకుని తగ్గించాడు. అది మాత్రం సరిగ్గానే చేశాడు.

అప్పుడు నాకొక ఊహ తట్టింది. పెట్టెని భుజాన ఎత్తుకుని గదిలో తిరగడం మొదలెట్టా. బావ రెండోది ఎత్తుకున్నాడు. అయ్యగారు కళ్ళు మూసుకు కూర్చున్నాడు, మేమిద్దరం ఆయన చుట్టూ ఊరేగుతున్నాం. వెనక్కెళ్తే వద్దంటాడు, ముందుకొస్తే వద్దంటాడు. చివరికి నేను కిటికీ దగ్గరా, బావ ఎదురుగోడన దేవుడి పటాల దగ్గరా నిలబడ్డాం. సరిగ్గా ఆయన పక్కకి, కాస్తంత వెనక్కి, చెవికన్నా జానెడు పైకి. పెట్టెల మొహాలు ఆయన మీదకి కాకుండా ఎదురుబొదురుగా. సౌండు ముందువాటికన్నా బాగా తక్కువ. అప్పుడు తెరమీద వాన మొదలైంది. వాన టీవీలోంచి రాలా. గదిలోనే పడింది.

"ఆఁ! ఇదీ" అన్నాడాయన కళ్ళు తెరవకుండానే. "ఇక్కడే ఉంచండి."

"ఉంచుతామండీ. మేమిద్దరం ఇట్టాగే నిలబడిపోతాం, వేళకి కాస్త ముద్ద నోట్లో పెట్టించండి" అన్నా. లోపలిగదిలో ఆడవాళ్ళు నవ్వారు. బావ ఆ నవ్వు చూసి తనూ నవ్వాడు. ఆయన భుజం మీద పెట్టె సన్నగా అదురుతోంది. ఆ అదురు వల్లే అనుకుంటా, మొహం వెలిగిపోయింది.

మేకులు కొట్టి చెక్కలు బిగిద్దామని సుత్తి తీశా. అయ్యగారి తల్లి గుమ్మంలోకొచ్చింది.

"దేవుడి పటాలు తీసి ఆ డబ్బాలు తగిలిస్తావా? మొన్ననే సున్నం వేయించాను. నా గోడకి మేకు దిగిందా, నీ తలకాయకీ దిగుద్ది."

అయ్యగారు తల్లి ముందు చిన్నపిల్లాడు. "అమ్మ చెప్పినట్టు చూడండయ్యా" అని కండువా దులుపుకుని చేలోకి పోయాడు. ఇంకో పక్క కిటికీ, రెక్కలు మూయాలంటే అడ్డం. మిగిలింది వెనకగోడ. గుమ్మం పైన ఈ మూలనించి ఆ మూలదాకా ఒకటే పొడుగాటి చెక్క, దానిమీద ఇత్తడి సామాను. బిందెలు ఒకపక్కకి జరిపి, ఆ చెక్క మీదే రెండు చివర్లా రెండు పెట్టెలూ పెట్టాం. ఎత్తు ఎక్కువ, చోటూ కాదు. అది నా చెవులకి తెలుస్తూనే ఉంది. బావ మాత్రం స్టూలెక్కి ఒక పెట్టె మీద చెయ్యేసి, రెండోదాని మీద చెయ్యేసి, దిగొచ్చాడు.

"భుజాన మోసినప్పటికన్నా ఇక్కడే బాగుందిరా. ఎట్టా అదురుతున్నాయో చూడు!"

అదిరేది చెక్క. ఎండిన పాత చెక్క, కింద పిల్లి నడిచినా మోగుద్ది. ఆ మాట ఆయనకెట్టా చెప్పాలో తెలియక తల గోక్కున్నా. సౌండు తగ్గించాడు.

సాయంత్రం పొద్దుగూకకుండానే చుట్టాలొచ్చారు. నేను ముందు డెక్కు దగ్గర, బావ వెనక స్టూలు మీద. ఆట మొదలైన కాసేపటికి లోపలిగదిలోంచి ఎవరో గుమ్మంలో పీటెక్కి బిందె కోసం చెక్క మీదకి చెయ్యి పెట్టారు. వైరు ఊడింది. ఎడమ పెట్టె మూగబోయింది. నేను ఎడమ భుజం తట్టుకున్నా. మళ్ళీ తట్టుకున్నా. దోమలు కుడుతున్నాయా అని పక్కనాయన అడిగాడు కూడా. బావ నావైపు చూడట్లా, కుడి పెట్టె మీద చెయ్యేసుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. గది కుదిరిందనుకున్నాడు.

"ఏమయ్యా, ఆ ఎడమది పలకట్లేదేం?" అన్నాడు అయ్యగారు. మళ్ళీ గొంతు పెంచాడు. "నిన్నేనయ్యా!"

అందరూ వెనక్కి తిరిగారు. బావ కళ్ళు తెరిచి ఆ చూపులు చూసి, ఎడమ పెట్టె సంగతేదో అడుగుతున్నారని పసిగట్టాడు. తెలివైనవాడు. స్టూలు ఆ మూలకి జరుపుకుని ఎక్కి, ఆ పెట్టె మీద చెయ్యి ఆనించాడు. కుడిదాని దెబ్బకి చెక్కంతా వణుకుతోంది కదా, చచ్చిన పెట్టె కూడా దాంతోపాటు వణుకుతోంది. ఆయన మొహం విచ్చుకుంది.

"బ్రహ్మాండంగా పలుకుతోందండీ!" అన్నాడు, అవసరమైనదానికన్నా గట్టిగా.

ఎవరూ నవ్వలా. నవ్వినా బాగుండేది. ముసలావిడ గుమ్మంలోకొచ్చి, ఆయన వీపు వెనక నిలబడి, "అబ్బాయ్" అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. బావ అందరివంకా చూసి నవ్వుతూనే ఉన్నాడు.

"వీడికి వినపడట్లేదురా" అంది కొడుకుతో. మేకు దిగుద్దన్న గొంతు కాదది. జాలిపడింది. ఆ జాలితోనే పని పోయింది.

అయ్యగారు చెడ్డవాడు కాదు. ఆట ఆపించి, మా ఇద్దరికీ భోజనం పెట్టించాడు. బావకి ఎదురుగానే కూర్చుని నాతో మామూలు గొంతుతో మాట్లాడాడు. "ఎన్నాళ్ళనించి? పాపం. అయినా సౌండు పనికి చెవుల్లేని మనిషిని ఎట్టా పెట్టుకోనయ్యా? నువ్వుండు. నీ చెవులు బాగున్నాయి, మాటా సరదాగా ఉంది. ఆ జీతమే నీకిస్తా." బావ అన్నం కలుపుతూ ఒకసారి ఆయన్నీ ఒకసారి నన్నూ చూశాడు. అయ్యగారు నవ్వుమొహంతో మాట్లాడుతున్నాడు కాబట్టి, తనని మెచ్చుకుంటున్నాడనుకున్నాడు. చెయ్యి కడుక్కుని ఆయనకి దణ్ణం పెట్టాడు కూడా.

జగ్గయ్యపేట బస్టాండులో చెప్పాల్సొచ్చింది. చెవుడున్న మనిషికి చెడుమాట చెవిలో చెప్పడం కుదరదు. ఎడమచెవి దగ్గర నోరుపెట్టి అరిచా.

"పని నీకు కాదు బావా! నాకిచ్చాడు!"

పక్కన శనగలమ్మేవాడు ఆగి చూశాడు. బెంచీ మీద ఆడవాళ్ళు ఇటు తిరిగారు. బావకి మాట అందిందో లేదో గానీ ఆ మొహాలు మాత్రం అందాయి.

"మెల్లిగా చెప్పరా. అందరూ వింటున్నారు."

"మెల్లిగా చెప్తే నీకు తప్ప అందరికీ వినపడుద్ది బావా!" అన్నా. నోరు ఊరుకోదు నాకు. ఆయన అలవాటైన నా పెదాలు చూసి అర్థం చేసుకుని, కాస్త నవ్వాడు. తర్వాత నేల చూస్తూ, "చేరు" అన్నాడు. "మీ అక్కకి నెలనెలా ఎంతోకొంత పంపు." బస్సొస్తే ముందెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. నందిగామ దాకా మళ్ళీ నావైపు తిరగలా. తిరక్కపోతే నేనేం మాట్లాడినా ఆయనకి లేనట్టే.

చేరా. చేరిన వారానికే ముసలావిడ, నెత్తిమీద ఆ మోత ఏంటర్రా అని వెనక పెట్టెలు దింపించేసి, బిందెలు మళ్ళీ వరసగా పెట్టించుకుంది. అయ్యగారికీ మోజు తీరిపోయింది. ముందు రెండూ చాలన్నాడు. బావ ఇంటిపట్టునే ఉండిపోయాడు. ఉన్న ఆ కాస్త వినికిడీ డాక్టరు చెప్పినట్టే పోయింది. నేను నందిగామ వచ్చినప్పుడల్లా అరుగు మీంచి లేచి ఎదురొచ్చి, "వెనకవి బాగా పలుకుతున్నాయా?" అని అడిగేవాడు, బస్టాండంత గొంతుతో. నేను తలూపేవాణ్ణి. తలూపితే అరవక్కర్లేదు.