రెండోసారి నొక్కిన గడి

మా పిన్ని ఏ పనీ ఒక్కసారితో వదిలిపెట్టదు. గ్యాస్ కట్టేసి గుమ్మం దాకా వచ్చి, కట్టానో లేదో అని మళ్ళీ లోపలికి వెళ్తుంది. తాళం వేసి లాగి చూస్తుంది, మెట్లు దిగాక తిరిగి ఎక్కి మళ్ళీ లాగుతుంది. బస్సు ఎక్కేముందు కండక్టర్ని అడుగుతుంది, ఎక్కాక పక్క సీటావిడని అడుగుతుంది. "పెళ్ళికి నాకు ఇష్టమేనా అని నన్ను రెండుసార్లు అడిగింది. రెండోసారి అడిగినప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది" అని బాబాయి ఏడిపిస్తుంటాడు. బాబాయి లిఫ్టులు బాగుచేస్తాడు. తాళ్ళకు వేలాడుతూ పనిచేసే మనిషికి భయమంటే ఏమిటో తెలియదు, అందుకే పిన్ని భయం ఆయనకు కాలక్షేపం. నాకు మాత్రం కాదు. నేను వాళ్ళింట్లో ఉండి ఉద్యోగం చేసుకుంటున్నాను. రోజూ ఆవిడని స్కూటర్ మీద దింపి నా ఆఫీసుకు వెళ్ళాలి. ఆవిడ తాళం రెండోసారి లాగే సరికి నాకు ఒళ్ళు మండిపోతుంటుంది.

పిన్ని పనిచేసేది డయాలసిస్ సెంటర్లో. కిడ్నీలు చెడిపోయినవాళ్ళని కుర్చీల్లో కూర్చోబెట్టి, రక్తాన్ని మెషిన్లోకి తీసి శుభ్రం చేసి మళ్ళీ ఒంట్లోకి పంపుతారు. ఎవరు ఏ రోజు రావాలో వారం వారం చార్టు తయారు చెయ్యడం ముందు గదిలో కూర్చునే పిన్ని పని. ఒక్కొక్కరికి వారానికి మూడు రోజులు, అదీ రోజు విడిచి రోజు. అందుకని ఒక మనిషి గడులు ఎప్పుడూ పక్కపక్కన పడవు. కంప్యూటర్లో కంట్రోల్ మీట నొక్కి పట్టుకుని, దూరం దూరంగా ఉన్న గడులన్నిటినీ మౌసుతో ఒక్కొక్కటిగా ఎంచుకుంటూ పోవాలి. అన్నీ ఎంచుకున్నాక అన్నిటికీ ఒకేసారి ఆకుపచ్చ రంగు వెయ్యాలి. పచ్చబడ్డ పేర్లే వ్యాన్ డ్రైవరుకు చేరతాయి. వ్యాన్ ఆ ఇళ్ళకే వెళ్తుంది.

"మధ్యలో కంట్రోల్ వదిలేసి ఎక్కడైనా నొక్కావా, ఎంచుకున్నవన్నీ పోతాయక్కా. మళ్ళీ మొదటికే" అని నేర్పిన రోజే పెద్ద సిస్టర్ హడలగొట్టింది. అప్పటికి పిన్నికి నలభై దాటాయి. అంతకుముందు బట్టల షాపులో చేత్తో బిల్లులు రాసేది, కంప్యూటర్ అంటే దుమ్ము తుడవడం వరకే తెలుసు. ఇన్నేళ్ళయినా ఆ హడలు తగ్గలేదు. శనివారం సాయంత్రం చార్టు వేసేటప్పుడు ఆవిడని చూడాలి. ఎడమ చిటికెనవేలు తెల్లగా పాలిపోయేలా మీటని అదిమి పట్టుకుంటుంది. ఊపిరి కూడా అరకొరగా తీస్తుంది. ఎవరైనా తుమ్మితే కసురుతుంది. "నీకు కనిపించేవి గడులే. నాకు మనుషులు" అంది ఒకసారి, నేను నవ్వినందుకు.

ఆ మనుషుల్లో ఒకాయన ఈత మాస్టారు. బతుకంతా పిల్లలకు ఈత నేర్పిన మనిషి ఇప్పుడు తాగే ప్రతి గుక్కకూ డాక్టరుకు జవాబు చెప్పుకోవాలి. ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేదు. "ఒకప్పుడు నీళ్ళలోనే బతికానమ్మా, ఇప్పుడు నీళ్ళతో నాకు మాటల్లేవు" అని పిన్నితో హాస్యమాడేవారు. భార్య పోయింది, పిల్లలు లేరు, మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటారు. మంగళ, గురు, శనివారాలు ఆయనవి.

ఒక శనివారం ఆయన మొహం, కాళ్ళు ఉబ్బి వచ్చారు. దాహం ఆపుకోలేక తాగేశారని బరువు చూస్తేనే తెలిసిపోయింది. డాక్టరు అందరి ముందూ కేకలేశాడు. "ఇలాగైతే మా వల్ల కాదు మాస్టారూ, ఇంకో చోటు చూసుకోండి" అన్నాడు. విసుగులో వచ్చిన మాటే. కానీ మాస్టారు ఆ రోజు వెళ్ళేటప్పుడు పిన్ని వైపు కూడా చూడలేదు. పిన్నికి అది మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆ మనసుతోనే సాయంత్రం చార్టు వేసింది, అదీ అదే వారం వచ్చిన కొత్త కంప్యూటర్ మీద.

మామూలుగా ఆదివారం ఇంట్లో కూర్చుని ఫోన్లో చార్టు మొత్తం ఇంకోసారి చూసుకునేది. ఆ ఆదివారం జ్వరం తగిలింది. మంగళవారం దాకా మంచం దిగలేదు. బల్ల దగ్గర ఆవిడకు బదులు ఒక కొత్తమ్మాయి కూర్చుంది.

బుధవారం ఉదయం నేను ఆఫీసుకు తయారవుతుంటే గదిలోంచి కేక వినబడింది. పరుగెత్తుకెళ్ళాను. పిన్ని మంచం మీద కూర్చుని ఫోన్ నా మొహం ముందు పెట్టింది.

"చూడవే, మంగళవారం మాస్టారి గడి తెల్లగా ఉందా? నా కళ్ళేనా?"

తెల్లగానే ఉంది. పైనా కిందా పచ్చగా ఉన్నాయి, అదొక్కటే తెల్లగా ఉంది.

పిన్ని అక్కడికక్కడే మాస్టారి నంబరు వెతికింది. ఆయనకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. సెంటర్‌కి చేస్తే పెద్ద సిస్టర్ ఎత్తింది.

"నిన్న రాలేదక్కా. గడి తెల్లగా ఉంటే ఊరెళ్ళారేమో అనుకున్నాం. అయ్యో, అంటే శనివారం నుంచి మెషిన్ మీదికి రాలేదా? తీసుకొచ్చెయ్, కుర్చీ సంగతి నేను చూస్తా. వ్యాన్ ఊరికి ఇటు చివర ఉంది, దానికోసం చూడకు."

ఫోన్ పెట్టేశాక పిన్ని నాకు ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. పొటాషియం పెరిగిపోతే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు, నొప్పి కూడా తెలియకపోవచ్చు. నేను స్కూటర్ తాళాలు అందుకున్నాను. ఆ రోజు పిన్ని గ్యాస్ చూసుకోలేదు, తలుపు బాబాయి వేసుకున్నాడు. ఎప్పుడూ ఏడిపించే మనిషి పరుగున కిందికొచ్చి స్కూటర్ తిప్పి పెట్టాడు. అది చూసి నాకు ఇంకా భయం వేసింది.

దారంతా పిన్ని నా చెవి దగ్గర అరుస్తూనే ఉంది. "ఎలా పోయిందే? నొక్కానే! నాకు బాగా గుర్తు. ఒకసారి కాదు, రెండుసార్లు నొక్కాను!"

నాకు వెంటనే అర్థమైంది. అర్థమైంది నోట్లో దాచుకునే అలవాటు నాకు లేదు. "పాతదాంట్లో ఎన్నిసార్లు నొక్కినా ఫర్వాలేదు పిన్నీ. కొత్తదాంట్లో కంట్రోల్ పట్టుకుని అదే గడి రెండోసారి నొక్కితే అది వదిలేస్తుంది" అన్నాను.

నా భుజం మీదున్న చెయ్యి బిగుసుకుపోయింది. స్కూటర్ ఆపి నా నోటి మీద నేనే కొట్టుకుందామా అనిపించింది. అన్నీ రెండుసార్లు నొక్కి ఉంటే అన్నీ పోవాలి కదా అని ఆ గాబరాలో నాకు తట్టలేదు.

మాస్టారిది సైకిల్ షాపు మీదున్న పాత భవనం, లిఫ్టు లేదు. జ్వరం నుంచి లేచిన మనిషి నాకంటే ముందు మూడంతస్తులు ఎక్కేసింది. తలుపు బాదింది. చప్పుడు లేదు. "మాస్టారూ, నేనండీ, సెంటర్లో బల్ల దగ్గర కూర్చుంటానే, నేను!" అంటూ రెండు చేతులతో బాదింది. లోపల ఏదో నేల మీద ఈడ్చిన చప్పుడైంది. చాలాసేపటికి గడియ తీశారు.

ఆయన తలుపు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఉతికిన చొక్కా, దువ్విన తల, భుజానికి డయాలసిస్ సంచి. చొక్కా నలిగి ఉంది. మంగళవారం పొద్దున వ్యాన్ కోసం తయారై కూర్చున్నవారు అలాగే ఉండిపోయారు. పడుకుంటే ఊపిరి ఆడక రాత్రి కూడా కుర్చీలోనే గడిపారు. ఒక్కో మాటకూ మధ్య ఆగి గాలి పీల్చుకుంటున్నారు. కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదు.

"రమ్మన్నారా... నన్ను?" అన్నారు.

పిన్ని ఆయన భుజం మీది సంచి అందుకుంది. నేను కిందికి పరుగెత్తి సైకిల్ షాపతన్ని పిలుచుకొచ్చాను. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, అతనూ నేనూ చెరోవైపు పట్టుకుని దింపాం. ప్రతి మలుపు దగ్గరా మాస్టారి తల పక్కకు వాలిపోతుంటే పిన్ని చేత్తో నిలబెట్టి "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ వచ్చింది. షాపతను పిలిచిన టాక్సీలో పిన్ని ఆయన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నాడి మీద వేళ్ళు ఉంచింది. నాడి చూడడం ఆవిడకు రాదని నాకు తెలుసు. అయినా అది కొట్టుకుంటోందని ఆవిడ మొహంలో చూసుకుంటూ నేను ఊపిరి పీల్చుకున్నాను.

సెంటర్లో అంతా సిద్ధంగా ఉంది. గుండె పరీక్ష కాగితం చూడగానే డాక్టరు పరుగు పెట్టాడు. మమ్మల్ని బయట ఉంచి తలుపు వేశారు. పిన్ని గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఆయనకేమైనా అయితే తను ఆ బల్ల దగ్గర కాదు కదా, ఎక్కడా కూర్చోలేనని అంది. ఊరుకో పిన్నీ అన్నాను గానీ, ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆవిడకు జ్వరం మళ్ళీ వచ్చినట్టుంది, చెయ్యి కాలిపోతోంది.

చాలాసేపటికి పెద్ద సిస్టర్ బయటికొచ్చింది. "గండం గడిచింది. ఇంకో గంట ఆలస్యమైతే మనం ఇలా మాట్లాడుకునేవాళ్ళం కాదు" అంది. తర్వాత పిన్ని పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "అక్కా, వ్యాన్ పాడైందని చెప్పేద్దాం. ఆయన అడగరు, డాక్టరూ తవ్వడు."

పిన్ని తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను.

మాస్టారు మెషిన్ పక్కన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. మాట తేలిగ్గానే వస్తోంది. పిన్నిని చూడగానే ఆయనే మొదలుపెట్టారు. "నన్ను తీసేశారనుకున్నానమ్మా. ఆ రోజు డాక్టరుగారు అన్నారు కదా. వ్యాన్ రాకపోతే అదేనేమో అనుకున్నాను. అడిగితే అవునంటారేమోనని అడగలేదు. ఫోన్ మోగినా అందుకే ఎత్తలేదు."

పిన్ని స్టూలు లాక్కుని కూర్చుంది. "మిమ్మల్ని ఎవరూ తియ్యమనలేదు మాస్టారూ. నా చేతుల్లో పోయింది. ఒకసారి నొక్కితే పడింది, రెండోసారి నొక్కితే పోయింది. ఈ కొత్తది అలా చేస్తుందని నాకు తెలియదు."

"రెండోసారి ఎందుకు నొక్కావమ్మా?"

పిన్ని స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది. "ఆ రోజు మీరు అలా వెళ్ళిపోయారు. మీ ఇంట్లో ఎవరూ లేరు. మీది పడకపోతే ఎలా, పడకపోతే ఎలా అనిపించింది. మిగతావాళ్ళవి ఒక్కసారే నొక్కాను. వాళ్ళకి ఇంట్లో అడిగేవాళ్ళున్నారు. మీ మంగళవారం గడి ఒక్కటే మళ్ళీ నొక్కాను."

గొట్టంలో రక్తం కదులుతోంది. ఆయన కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల వైపు జారాయి, తుడుచుకోవడానికి సూదులున్న చెయ్యి కదపకూడదు. పిన్ని కొంగుతో తుడిచింది.

"అయితే నన్నెవరూ వద్దనుకోలేదన్నమాట" అన్నారు మాస్టారు.

అని కళ్ళు మూసుకున్నారు, అంతలోనే నిద్రలోకి జారుకున్నారు. మెషిన్ ఆపేదాకా పిన్ని ఆ స్టూలు మీద నుంచి లేవలేదు.