చెంబుల కాన్పు

అరవైల మొదట్ల, జడ్చర్ల పోయే బస్సుల నా పక్కన ఒక అవ్వ కూసున్నది. ఆమె ఒళ్లె ఇత్తడి చెంబు, అందుల వేలిగోరంత చేపలు. దోమల పిల్లలను తింటయని సర్కారు దవాఖానల ఇచ్చిన్రట. ఊరి బాయిల ఇడువనీకి తీస్కపోతున్న అన్నది. బస్సు కుదుపులకు నీళ్లు తొణకకుండ చెంబును కడుపుకు అదుముకున్నది.

కొంత దూరం పోయినంక ఒక చేప పొట్ట కింద సన్నటి తోక కదిలింది. గుడ్లు కాదు, ఈదుకుంట పిల్లలే పుడుతున్నయి. నేను వింతగ వంగి చూస్తుంటే అవ్వ కొంగు తీసి చెంబు చుట్టూ చాటు పెట్టింది.

"జర మొఖం అటు తిప్పు కొడుకా. కాన్పు అయితాంది."

నవ్వొచ్చింది గని కిటికీ దిక్కు తిరిగిన.

కొంచెం సేపటికి నా వెనుక ఆమె గొంతు మెల్లగ వినిపించింది. "నా బిడ్డ నిండు కడుపుతోని మొన్న వానకాలంల చలిజరమొచ్చి సచ్చిపోయింది. గీ చేపలు గప్పుడే ఇస్తే ఏం పోయేది."

మొఖం మళ్ల తిప్పొచ్చని ఆమె అనలే, నేను తిప్పలే. జడ్చర్లల చూస్తే పక్క సీటు ఖాళీ. ఆమెది ఏ ఊరో గూడ అడగకపోతి.