దర్జీ ఖాదర్ భాయ్ చెప్పిన అంకె

2021 ఎండాకాలం, కరోనా రెండో విడత. నేను మణుగూరు దగ్గర ఏఎన్ఎంగా, అంటే ఇంటింటికీ తిరిగే నర్సుగా పనిచేస్తున్నాను. పాజిటివ్ వచ్చినా ఆస్పత్రి అవసరం లేనివాళ్లను ఇంట్లోనే విడిగా ఉంచేవాళ్లం. దాన్ని హోమ్ ఐసోలేషన్ అంటారు. రోజూ పొద్దున ఫోన్ చేసి, వేలికి పెట్టుకునే ఆక్సిమీటర్‌లో ఆక్సిజన్ ఎంతుందో అడిగి రాసుకోవాలి. తొంభై నాలుగు కంటే తగ్గితేనే ఇంటికి పోవాలి. లేదంటే ఫోన్ చాలు.

ఖాదర్ భాయ్ బొగ్గుగని కాలనీ పక్కన దర్జీ. మా యూనిఫాంలన్నీ ఆయనే కుట్టేవాడు. మాటకారి. బట్ట ఇవ్వడానికి వెళ్తే అరగంట కూర్చోబెట్టేవాడు. ఆ విడతలోనే ఆయన భార్య ఖమ్మం ఆస్పత్రిలో పోయింది. ఈయనకూ పాజిటివ్ కావడంతో మట్టి ఇవ్వడానికి కూడా పోలేకపోయాడు. పిల్లలు లేరు. పక్కింటివాళ్లు గడప మీద క్యారియర్ పెట్టి దూరం జరిగేవాళ్లు.

ఫోన్‌లో అంకె చెప్పి ఆగేవాడు కాదు. "తొంభై ఆరు సిస్టరమ్మా. నిన్న మా బేగం పెట్టె తెరిస్తే..." అని మొదలుపెట్టేవాడు. "సరే భాయ్, ఇంక శానా మందికి చెయ్యాలె" అని పెట్టేసేదాన్ని. ఆ పెట్టెలో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆరో రోజు "ఎనభై ఎనిమిది" అన్నాడు. పీపీఈ కిట్ తొడుక్కుని, అంబులెన్సు వెంటపెట్టుకుని ఉరికాను. చూస్తే, మనిషి గడ్డం దువ్వుకుని, నా కోసం వరండాలో కుర్చీ వేసి నిలబడ్డాడు. చెయ్యి పట్టుకుని వేలికి ఆక్సిమీటర్ పెట్టాను. తొంభై ఏడు.

"ఏంది భాయ్ ఇది? అబద్ధం చెప్పినవా?"

"తక్కువుంటెనే వస్తమని మీరే అన్నరు గద సిస్టరమ్మా. మనిషి చెయ్యి తగిలి ఎన్ని రోజులైందో."

నా నోరు మంచిది కాదని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. ఆ కిట్‌లో చెమటకు తడిసి ముద్దైపోయి ఉన్నాను. "బండి దొరకక మనుషులు పోతుంటే నీకు ముచ్చట్లు కావాల్నా? రేపటి సంది నంబర్ చెప్పు, గంతే" అని వీధంతా వినేలా అరిచాను. ఆయన తల దించుకుని కుర్చీ లోపలికి తీసుకుపోయాడు.

మర్నాటి నుంచి అంకె ఒక్కటే చెప్పాడు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు హాయిగానే అనిపించింది. గడువు అయ్యాక రిజిస్టర్‌లో 'రికవర్డ్' అని రాసేశాను.

ఇప్పుడు ఏ జ్వరాల కాలం వచ్చినా, అంకె రాసుకున్నాక "తిన్నరా? ఎవరితోనన్న మాట్లాడిన్రా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతాను. రిజిస్టర్‌లో దానికి గడి లేదు, అంచున రాస్తాను. ఈ బుద్ధి నాకు ఆలస్యంగా వచ్చింది.

ఆ ఏడు వానలు తగ్గాక యూనిఫాం కుట్టించుకోవడానికి వెళ్లాను. పాతది కొలతకు ఇస్తే టేపు పెట్టి అంకెలు రాసుకున్నాడు. కూర్చోమనలేదు. పక్క చాయ్ హోటల్ ఆయన నన్ను చూసి, "భార్య పోయినకాడి నుంచి ఎవ్వలతోని మాట్లాడుత లేడమ్మా" అన్నాడు. అప్పటి నుంచి కాదని నాకు తెలుసు.

మెట్టు దిగబోతూ ఆగి అడిగాను. "ఎట్లున్నరు భాయ్?"

టేపు చుడుతూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"తొంభై ఏడు మేడమ్."