మా గడప తొక్కని జడ్జి మామ

మా మేనమామ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను మిర్యాలగూడలో రైస్ మిల్లు ముందు లారీకి కాంటా వేయిస్తున్నాను. ఫోన్ చేసింది అమ్మ. "మీ మామ పోయిండురా" అంది. ఏడుపు అందుకోకముందే, "కేసు తేలకముందే పోయిండు" అని కూడా అంది. ఆ మాటకు నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోవద్దంటారు. ఏం చేయను, దిగడం లేదు.

పెన్‌పహాడ్‌లో పుట్టి, సూర్యాపేట కోర్టులో వకీలుగా మొదలై, చివరికి హైకోర్టులో అప్పీళ్ళు వినే జడ్జిగా రిటైరయ్యాడు మామ. హైదరాబాద్‌లో ఆయన ఇంట్లో ఉండే చదువుకున్నాను. ఇవ్వబోయే తీర్పు గురించి ఇంట్లో నోరు మెదిపేవాడు కాదు. ఇచ్చేసిన తీర్పును మాత్రం వరండాలో తిరుగుతూ నాకు చదివి వినిపించేవాడు. "గెల్సినోడు సదవడు అల్లుడూ. ఓడినోడు మళ్ళ మళ్ళ సదువుకుంటడు. ఆనికి సమజ్ కావాలె" అనేవాడు. ఫలానా వాక్యం అర్థం కాలేదని నేనంటే ఆ పూటంతా మొహం మాడ్చుకునేవాడు. సూటిగా రాయడం, సూటిగా మాట్లాడడం నాకు ఆయన దగ్గరే అలవడ్డాయి. ఆ రుణం నేను కాదనను.

కానీ మా కేసు సంగతి చెప్పాలి. అమ్మది చిలుకూరు దగ్గర పొలం, కాలువ చివరి భూమి. పై పొలమాయన పిల్లకాలువను దున్ని తన మడిలో కలిపేసుకున్నాడు. కోదాడ కోర్టులో గెలిచాం, సూర్యాపేటలో గెలిచాం. ఆయన హైకోర్టుకు పోయి స్టే తెచ్చుకున్నాడు. మా ఖర్మకు ఆ ఫైలు మామ బెంచి మీదికే వచ్చింది. మా చెల్లెలి కేసు నేను వినను అని తెరవకుండానే వేరే బెంచికి పంపించాడు. పంపడం న్యాయమే. అయితే అక్కడికి పోయిన ఫైలు అక్కడే పడుకుంది.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ రోజు నుంచి మామ మా ఇంటి గడప తొక్కలేదు. కోదాడ వైపు వస్తే రోడ్డు మీదే కారు ఆపించేవాడు. అమ్మ పరుగున పోయేది. అన్నాచెల్లెళ్ళు దుమ్ములో నిలబడి మాట్లాడుకునేవాళ్ళు. మంచినీళ్ళిస్తే కూడా తాగడు. నేనొకసారి గట్టిగా అడిగాను. "నా చెప్పులు మీ గడప ముందు కనబడితే అవతలోనికి నిద్ర పడతదారా?" అన్నాడు. మరి మా అమ్మకు నిద్ర పట్టాలా వద్దా, అది ఆయనకు తట్టలేదు.

రిటైరయ్యాక అమ్మ సంబరపడి కొరమీను పులుసు వండింది. మళ్ళీ రోడ్డు మీదే కారు ఆగింది.

"ఇగ ఇప్పుడేం అడ్డమే అన్నా?"

"కేసు ఇంక నడుస్తనే ఉంది గద చెల్లె. ఆడ కూసున్నోళ్ళంత నాతోని పనిచేసినోళ్ళే. తేలినంక వస్త. రెండు పూటలు ఉండి తిని పోత."

అమ్మ ఆ మాట పట్టుకుని ఏళ్ళు గడిపింది.

చావుకు పై పొలమాయన కూడా వచ్చాడు. "అసుంటి జడ్జి మళ్ళ పుట్టడు" అని అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నాడు. ఎందుకు మెచ్చుకోడు? నీళ్ళు పారుతున్నది ఆయన మడికే కదా.

మూడో రోజు పెన్‌పహాడ్‌లో మామ పొలం గట్టున పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. మామ కొడుకులు పెట్టిన విస్తరి పక్కనే అమ్మ తన విస్తరి పరిచి అన్నం, కొరమీను పులుసు వడ్డించింది. కాకి వచ్చింది. కొడుకుల విస్తట్లో రెండు మెతుకులు పొడిచింది. అమ్మ విస్తరి వైపు చూడనైనా చూడకుండా ఎగిరిపోయింది.

"ముట్టింది, ఇగ నడువుండ్రి" అన్నారు పెద్దలు. అందరూ లేచారు. అమ్మ లేవలేదు.

"ఇది మా ఇల్లు గాదే అన్నా, నీ పొలమే. గీడ తింటె ఎవడేమంటడు?" అంటూ, ఎండలో ఆ విస్తరి మీద ఈగలు వాలకుండా కొంగుతో విసురుతూ కూర్చుంది.