పాపం అన్న ఒక్క మాట

కొంచెం దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. ఇది గొంతు పెంచి చెప్పే సంగతి కాదు.

1995లో నేను బహ్రెయిన్‌లో, బుసైతీన్‌లో ఒక జర్మనీ వాళ్లింట్లో హోం అటెండెంట్‌గా చేసేదాన్ని. అంటే మంచం పట్టిన మనిషికి స్నానం, తిండి, మందులు, పక్క మార్చడం అన్నీ చూసుకునే పని. నేను చూసుకునే పెద్దాయనను సాబ్ అని పిలిచేదాన్ని. అరవై దాటాయి, పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. వయసులో ఉన్నప్పుడు మన దేశంలో ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేశాడట, అందుకని హిందీ వచ్చు. నా హిందీ గల్ఫులో పోగేసుకున్నది. ఇద్దరివీ అతుకుల బొంత హిందీలే కాబట్టి బాగానే కుదిరింది. ఇల్లు ఆయన కూతురు ఉర్సులా మేడమ్‌ది.

ఆ ఏడు రెండో ప్రపంచ యుద్ధం ముగిసి యాభై ఏళ్లయిందని టీవీలో పాత బొమ్మలు వేశారు. నియంత పక్కన నాజీ పెద్దలు వరసగా నిలబడి ఉన్నారు. సాబ్ ఒక్కసారిగా "బంద్ కరో" అని అరిచాడు. ఆ పూట నుంచి పళ్లు బిగించేశాడు. చెంచా నోటి దగ్గరికి తెస్తే మొహం గోడవైపు తిప్పుకునేవాడు.

సల్మానియా ఆసుపత్రిలో నర్సుగా చేసే మా గుంటూరు కరుణమ్మక్కకి ఫోను చేశాను.

"ఏం పెట్టావే దొరకి, గోంగూర గానీ పెట్టావా?" అని నవ్వి, వెంటనే గొంతు మార్చింది. "తినకపోతే ఫీడింగ్ ట్యూబ్ వేస్తారు సత్యవతీ. ముక్కులోంచి కడుపులోకి గొట్టం. ఆ మనిషి ఓర్చుకోలేడు. ఎలాగోలా నోట్లోంచి నాలుగు చెంచాలు పోయేలా చూడు."

మేడమ్ కూడా డ్యూటీకి వెళ్తూ, రేపటికి తినకపోతే ఆసుపత్రికే అని చెప్పి వెళ్లింది.

మధ్యాహ్నం కాళ్లకు నూనె రాస్తూ, "నా వంట బాగాలేదా సాబ్, నా మీద కోపమా?" అన్నాను. గోడవైపు చూస్తూనే నోరు విప్పాడు.

"ఆ టీవీలో నల్లకోటు మనిషి మా నాన్న."

ఆ తండ్రి మొదట రైల్వే స్టేషన్లో గుమాస్తా అట. పార్టీలో చేరి, పైవాళ్ల మాటకు ఎదురు చెప్పకుండా ఎదిగి ఎదిగి, నియంతతో కలిసి భోంచేసేంతవాడయ్యాడు. ఊళ్లకు ఊళ్ల యూదుల్ని రైళ్లలో కుక్కి చావుకి పంపింది ఆయన సంతకంతోనే. ఆదివారాలు కొడుకుకి మంచు మీద జారడం నేర్పేవాడు. యుద్ధం ఓడిపోయాక పాలేరు బట్టలు వేసుకుని ఒక పశువుల కొట్టంలో దాక్కున్నాడు. సోదాకి వచ్చిన సైనికులు నమ్మి వదిలేయబోయారు కూడా. చలిగా ఉంది, కోటు వేసుకో అని వాళ్లలో ఒకడు ఒక కోటు చేతికివ్వబోయాడు. ఈయన అలవాటు కొద్దీ రెండు చేతులూ వెనక్కి చాచి నిలబడ్డాడు, ఎవరో తొడుగుతారని! పాలేరుకి కోటు తొడిగేదెవరు? అక్కడే దొరికిపోయాడు. విచారణ జరిపి ఉరి తీశారు. సాబ్‌కి అప్పుడు పద్నాలుగేళ్లు. తల్లి ఇంటిపేరు మార్చేసింది. తాత యుద్ధంలో పోయాడని తప్ప మేడమ్‌కి ఇంకేమీ తెలియదు.

"టీవీలో చూడగానే నాకు ఏడుపొచ్చింది," అన్నాడు సాబ్. "అలాంటివాడి కోసం ఏడ్చిన మనిషికి తిండెందుకు?"

నాకు తెలియకుండానే నోట్లోంచి "పాపం" అని వచ్చేసింది.

సాబ్ మొహం మాడిపోయింది. "అవును, పాప్. నేను ఏడవడం పాపమే. నువ్వూ అనేశావు."

హిందీలో పాప్ అంటే ఒకటే అర్థం కదా! "అయ్యయ్యో, అది కాదు సాబ్! మా భాషలో జాలేసినా ఇదే మాట. కింద పడ్డ పిల్లని చూసినా పాపం అనే అంటాం."

"రెండిటికీ ఒకటే మాటా?" నా మొహంలోకే చూస్తూ అడిగాడు. "అయితే సరిగ్గా చెప్పు. ఎవరికి ఏది?"

నూనె చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాను. "ఆ రైళ్లెక్కిన వాళ్లు, పాపం. మీ నాన్న చేసింది, పాపం. ఆ పద్నాలుగేళ్ల పిల్లాడు, పాపం."

"మా నాన్నకి జాలి పాపం లేదా?"

"అది నేను అనలేను సాబ్. ఆ రైళ్లలో పోయినవాళ్ల బిడ్డలు వింటే ఏమనుకుంటారు? మీరంటారా, కొడుకు. మీ కన్నీళ్లు మీవి. కానీ కూతురి దగ్గర దాచుకుని ఏడుస్తున్నారు చూడండి, అందుకే ముద్ద దిగడం లేదు."

సాయంత్రం మేడమ్ రాగానే పక్కన కూర్చోమన్నాడు. నేను తలుపు దగ్గరగా వేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. వాళ్ల భాష నాకు రాదు. ఒకసారి మేడమ్ గట్టిగా అరవడం వినిపించింది. కాసేపటికి తనే ఎర్రబడ్డ కళ్లతో వంటింట్లోకి వచ్చి, నా చేతిలోంచి జావ గిన్నె తీసుకుంది. "నేను పెడతాను" అంది. మొహంలో కోపం పోలేదు. ఆ కోపంతోనే చెంచా పట్టుకుంది. ఆయన నోరు తెరిచాడు.

ఆ తర్వాత ఎంతోమందిని చూసుకున్నాను. ఎవరైనా తినను అని మొండికేస్తే ఉప్పూకారాల సంగతి తర్వాత, ముందు పక్కన కూర్చుంటాను. కన్నవాళ్ల మీద ప్రేమా, వాళ్లు చేసిన ఘోరం మీద అసహ్యమూ ఒకే గుండెలో మోసే మనుషులు ఉంటారు. వాళ్లని అందులో ఒకటి పారేయమనకూడదని ఆ మంచం పక్కనే తెలుసుకున్నాను.

ఓపిగ్గా విన్నారు. మీ ఇంట్లో కంచాలు ఏనాడూ వెలితి పడకూడదు. మీ పేరు చెప్పుకోవడానికి మీ బిడ్డలు ఏ ఊళ్లోనూ తల దించుకునే పని రాకూడదు తల్లీ.